ఆట ముగిశాక ఆటగాడు ఏ క్లబ్బు గుమ్మం ఎక్కుతాడు?

క్లుప్తంగా: సొంతూరి క్లబ్బుతో ఫుట్‌బాల్ ఆటగాడికి ఉండే జీవితకాల బంధాన్ని అందరూ అభిమానం లెక్కలోనే చూస్తారు. ఆ బంధం నిలవాలంటే ఆటగాడి కెరీర్ కంటే ఎక్కువ కాలం బతికే క్లబ్బు ఉండాలి, రిటైరయ్యాక అందులో అతనికి ఏదో ఒక చోటు దొరకాలి. ఒడిశా సరిహద్దులోని తెలుగు పట్టణాల్లో ఆట ఉంది, ఆటగాళ్లు ఉన్నారు. రిజిస్టరైన క్లబ్బులు, వాటి దగ్గర పిల్లల రికార్డులే తక్కువ.

2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. అంతకు ఆరేళ్ల ముందు, 2019లో, ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్ వచ్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఢిల్లీ వదులుకున్న జట్టు ఒడిశాకి దక్కింది, తెలుగువాళ్ల జట్టు ఢిల్లీకి పోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుక కూడా ఇలాంటిదే. 2019లో పుణె సిటీ జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ట్రోఫీ ఎత్తింది. నాలుగేళ్లు తిరక్కుండానే ఊరు మారింది.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం లాంటి చోట్ల ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే అభిమానికి ఈ రెండు మార్పులూ సంబంధించినవే. ఏ జట్టుని మనది అనుకోవాలో తేలకముందే ఒకటి వచ్చింది, ఒకటి వెళ్లిపోయింది. ఇదే అభిమాని యూరప్, దక్షిణ అమెరికా ఆటగాళ్ల వార్తలు చదివినప్పుడు అక్కడ వేరే కథ కనిపిస్తుంది. పదిహేనేళ్లు దేశదేశాల్లో ఆడినవాడు ఆఖర్న పుట్టిన ఊరి క్లబ్బుకి తిరిగొస్తాడు. కొందరైతే దాన్ని వదిలి వెళ్లనే వెళ్లరు. వాళ్ల మనసు గొప్పదనీ, మనవాళ్లకి ఆ ప్రేమ లేదనీ తేల్చేయడం సులువు. కానీ ఈ తేడాలో ఎక్కువ భాగం క్లబ్బుల నిర్మాణం నుంచి వచ్చింది.

## ఊరి క్లబ్బుకి రెండు అంతస్తులు

ఫుట్‌బాల్ బాగా వేళ్లూనిన చోట సొంతూరి క్లబ్బు అంటే రెండు ఉంటాయి. ఒకటి టీవీలో కనిపించే పెద్ద క్లబ్బు. రెండోది, ఎనిమిదేళ్ల పిల్లాడిని సాయంత్రం గ్రౌండ్‌కి రమ్మని పిలిచి బంతి చేతికిచ్చే చిన్న క్లబ్బు. బంధం చాలావరకు ఈ రెండోదానిలో పుడుతుంది, పేరు మాత్రం మొదటిదానికి వస్తుంది.

ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ అలన్ షియరర్ కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అతను న్యూకాజిల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పక్కనే ఉన్న వాల్స్‌ఎండ్ బాయ్స్ క్లబ్‌లో ఆడాడు. ఆ క్లబ్బుని 1904లో ఓడల తయారీ కంపెనీ స్వాన్ హంటర్ మనుషులు మొదలుపెట్టారు. పీటర్ బియర్డ్‌స్లీ, స్టీవ్ బ్రూస్, మైకేల్ కారిక్ కూడా అక్కడి పిల్లలే. షియరర్‌ని మొదట తీసుకున్నది న్యూకాజిల్ కాదు, దేశానికి మరో చివర ఉన్న సౌతాంప్టన్. అక్కడి నుంచి బ్లాక్‌బర్న్‌కి వెళ్లి 1995లో లీగ్ గెలిచాడు. 1996లో మాంచెస్టర్ యునైటెడ్ పిలిచినా కాదని, అప్పటికి ప్రపంచ రికార్డు అయిన కోటిన్నర పౌండ్ల ధరకి న్యూకాజిల్‌కి వచ్చాడు. పదేళ్లు ఆడి 206 గోల్స్ కొట్టాడు. ఆ క్లబ్బులో ఉండగా ఒక్క ట్రోఫీ కూడా గెలవలేదు. 2009లో జట్టు దిగజారే స్థితిలో ఉంటే చివరి 8 మ్యాచ్‌లకి మేనేజర్‌గా వచ్చాడు, అయినా జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. క్లబ్బు మైదానం బయట ఇప్పుడు అతని విగ్రహం ఉంది.

ఈ వరసలో ఒక సంగతి గమనించాలి. షియరర్ తిరిగొచ్చేసరికి న్యూకాజిల్ యునైటెడ్ వందేళ్లకు పైగా అదే ఊళ్లో, అదే మైదానంలో ఉంది. వాల్స్‌ఎండ్ క్లబ్బు కూడా ఉంది. ఓడల కార్ఖానాలు మూతపడ్డాయి, క్లబ్బు మూతపడలేదు. వచ్చేవాడికి రావడానికి ఒక చోటంటూ మిగిలింది.

## ఉండిపోవడం ఎందుకు అరుదైంది

ఒకే క్లబ్బులో కెరీర్ అంతా గడపడం ఒకప్పుడు పెద్ద విశేషం కాదు. కాంట్రాక్టు ముగిసినా పాత క్లబ్బు ఒప్పుకోకపోతే ఆటగాడు కదలలేకపోయేవాడు. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కేసులో 1995 డిసెంబర్ 15న యూరోపియన్ కోర్టు తీర్పుతో యూరప్‌లో ఆ పద్ధతి పోయింది. కాంట్రాక్టు పూర్తయితే ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లొచ్చు, బదిలీ సొమ్ము ఎవరికీ కట్టక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లపై ఉన్న పరిమితి కూడా తొలగిపోయింది.

దీని వల్ల ఆటగాళ్లకి మేలే జరిగింది, అందులో సందేహం లేదు. అంతకుముందు చాలామంది ఊరి క్లబ్బులో మిగిలిపోయింది ప్రేమతోనా, దారి లేకనా అని విడదీసి చెప్పడం కష్టం. 1995 తర్వాత ఉండిపోవడమంటే ఎక్కువ జీతాన్నీ, ఎక్కువ ట్రోఫీలనూ వదులుకోవడం. రోమ్‌లో పుట్టిన ఫ్రాన్సెస్కో టొట్టి 1993 నుంచి 2017 వరకు రోమా జట్టుకే ఆడాడు. 786 మ్యాచ్‌లు, 307 గోల్స్, కానీ లీగ్ టైటిల్ ఒక్కటే, అది 2001లో. రియల్ మాడ్రిడ్ పిలిచినా వెళ్లలేదు. ఇలాంటివాళ్ల పేర్లు అంతగా వినిపించడానికి కారణం, వాళ్లు నిజంగానే ఏదో వదులుకున్నారని అందరికీ తెలియడం.

## ఓటున్న క్లబ్బు, ఓనర్ ఉన్న క్లబ్బు

అసలు చిక్కు ఆట మానేశాక మొదలవుతుంది. ముప్పై అయిదు, నలభై ఏళ్లకి బూట్లు విప్పేసిన మనిషికి ఇంకా సగం జీవితం ఉంటుంది. క్లబ్బులో అతనికి ఏం స్థానం ఉంటుందన్నది ఆ క్లబ్బు ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి మారుతుంది.

టొట్టి రిటైరయ్యాక రోమాలో డైరెక్టర్‌గా కూర్చున్నాడు. రెండేళ్లకే, 2019 జూన్‌లో, నిర్ణయాల్లో తన మాట ఎవరూ అడగడం లేదని విలేకర్ల ముందు చెప్పి రాజీనామా చేశాడు. అప్పటికి క్లబ్బు అమెరికన్ యజమానుల చేతిలో ఉంది. అదే ఊరి బిడ్డ డేనియల్ డి రోసీ 2024 జనవరిలో కోచ్‌గా వచ్చాడు. ఆ సెప్టెంబర్‌లో, కొత్త సీజన్ నాలుగు లీగ్ మ్యాచ్‌లు కాగానే తీసేశారు. అభిమానులు గొడవ చేశారు, ఫలితం లేదు. మిలాన్‌లో పాలో మాల్దినీది ఇంకా చిత్రమైన సంగతి. తండ్రి చెజారే 1963లో యూరోపియన్ కప్ గెలిచిన మిలాన్ జట్టు కెప్టెన్. కొడుకు అదే క్లబ్బుకి 902 మ్యాచ్‌లు ఆడాడు, తర్వాత టెక్నికల్ డైరెక్టరై 2022లో లీగ్ గెలిచిన జట్టుని కూర్చడంలో కీలకంగా ఉన్నాడు. మరుసటి ఏడే కొత్త యజమానులు ఇంటికి పంపేశారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. క్లబ్బు కంపెనీ అయినప్పుడు మాజీ కెప్టెన్ కూడా ఉద్యోగే.

అర్జెంటీనాలో లెక్క వేరు. అక్కడ క్లబ్బులు చాలావరకు సభ్యుల సంఘాలు. నెలనెలా చందా కట్టే సభ్యులు ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. హువాన్ సెబాస్టియన్ వెరోన్ లా ప్లాటా పట్టణంలో పుట్టాడు. అతని తండ్రి హువాన్ రమోన్ ఆ ఊరి ఎస్టుడియాంటెస్ క్లబ్బుకి 1968, 1969, 1970లో వరసగా మూడు లిబర్టడోరెస్ కప్పులు (దక్షిణ అమెరికా క్లబ్బుల ఛాంపియన్‌షిప్) గెలిచిపెట్టిన ఆటగాడు. కొడుకు ఇటలీ, ఇంగ్లండ్ తిరిగి, మాంచెస్టర్ యునైటెడ్, చెల్సీ, ఇంటర్‌లకి ఆడి, 2006లో సొంతూరికి వచ్చాడు. 2009లో తనూ అదే కప్పు గెలిచాడు. 2014లో సభ్యుల ఓట్లతో క్లబ్బు అధ్యక్షుడయ్యాడు. 2017లో అధ్యక్షుడిగా ఉంటూనే 42 ఏళ్ల వయసులో లిబర్టడోరెస్ మ్యాచ్ ఆడాడు కూడా.

సభ్యుల క్లబ్బు అనగానే అంతా బాగుంటుందని కాదు. డబ్బు చాలక ఇదే వెరోన్ తర్వాతి కాలంలో బయటి పెట్టుబడి తేవాలన్నాడు, దాని మీద అర్జెంటీనాలో పెద్ద వివాదం నడిచింది. జర్మనీ మధ్యేమార్గం పట్టింది. 1998 నుంచి కంపెనీలు పెట్టుబడి పెట్టొచ్చు గానీ ఓటింగ్‌లో సగానికి ఒకటి ఎక్కువ సభ్యుల సంఘం దగ్గరే ఉండాలి. స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావో ఇప్పటికీ సభ్యులదే, బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లనో, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లనో తప్ప తీసుకోదు. అలా ఉండి కూడా పై డివిజన్ నుంచి ఒక్కసారి కూడా దిగజారలేదు. ఈ పద్ధతుల్లో ఏది మంచిదన్న చర్చ అలా ఉంచితే, సభ్యుల క్లబ్బుని అమ్మి వేరే ఊరికి తీసుకుపోవడం దాదాపు అసాధ్యం. తిరిగొచ్చే ఆటగాడికి అంతకంటే పెద్ద భరోసా లేదు.

## మన దగ్గర క్లబ్బు బదులు ఉద్యోగం

భారత ఫుట్‌బాల్‌లో కోల్‌కతాది ప్రత్యేక పరిస్థితి. మోహన్ బగాన్ 1889లో, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టాయి. చునీ గోస్వామి కెరీర్ అంతా మోహన్ బగాన్‌కే ఆడారు. మిగతా దేశంలో ఆటగాడికి అన్నం పెట్టింది క్లబ్బు కంటే డిపార్ట్‌మెంటే. పోలీసు, రైల్వే, ఆర్మీ, బ్యాంకు, ఫ్యాక్టరీ. ఉద్యోగం వస్తుంది, పింఛను వస్తుంది, ఆట అందులో భాగం.

తెలుగు నేల మీద దీనికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే పెద్ద ఉదాహరణ. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1963లో ఆయన కన్నుమూశారు. తర్వాత ఆ వైభవం నిలవలేదు. జట్టు ఊరిది కాదు, శాఖది. నియామకాలు తగ్గితే జట్టు బలం తగ్గుతుంది. దాన్ని నిలబెట్టడానికి చందా కట్టే సభ్యులూ లేరు, పోటీ చేసి గెలిచే కమిటీ కూడా లేదు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం జీవితం ఇక్కడ గుర్తుకొస్తుంది. 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు, అనారోగ్యంతో త్వరగానే ఆట మానేశారు, కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలోనే స్థిరపడి 2023లో పోయారు. హైదరాబాద్‌కే చెందిన మహమ్మద్ హబీబ్ కోల్‌కతా క్లబ్బుల్లో మహారాజులా వెలిగి, చివరి రోజులకి సొంతూరు చేరుకుని, అదే ఏడాది ఆగస్టులో చనిపోయారు. ఒకరు ఊరికి రాలేదు, ఒకరు వచ్చారు. ఇద్దరికీ హైదరాబాద్‌లో అధ్యక్షుడిగా కూర్చోదగిన, ఓటు వేయదగిన సొంత క్లబ్బు మాత్రం లేదు.

డిపార్ట్‌మెంట్ పద్ధతిని తీసిపారేయనక్కర్లేదు. త్రిస్సూర్ స్టేడియంలో సోడాలు అమ్మిన ఐ.ఎం. విజయన్‌ని కేరళ పోలీస్ జట్టు చేరదీసింది. ఆ జట్టు 1990, 1991లో ఫెడరేషన్ కప్ గెలిచింది. విజయన్ మోహన్ బగాన్, జేసీటీ, ఎఫ్‌సీ కొచ్చిన్ లాంటి పెద్ద జట్లకి ఆడి, చివరికి అదే పోలీసు శాఖలో అధికారిగా 2025లో పదవీ విరమణ చేశారు. షియరర్‌కి న్యూకాజిల్ ఎలాగో విజయన్‌కి పోలీసు జట్టు దాదాపు అలాగ. తేడా ఏమిటంటే ఆ గుమ్మం ఉద్యోగం దొరికిన కొద్దిమందికే తెరుచుకుంటుంది.

ప్రముఖ ఆటగాడు తిరిగొచ్చి క్లబ్బు పెట్టిన సందర్భమూ ఉంది. భారత జట్టు మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియా 2011లో సొంత రాష్ట్రంలో యునైటెడ్ సిక్కిం క్లబ్బుని మొదలుపెట్టాడు. 2012లో అప్పటి దేశ ప్రధాన లీగ్ అయిన ఐ-లీగ్‌కి ఎదిగింది, 2013లో దిగజారింది, డబ్బు ఇబ్బందుల్లో పడింది. పేరున్న ఒక్క మనిషి మీద ఆధారపడ్డ క్లబ్బు, ఆ మనిషి ఎంత గొప్పవాడైనా, రెండు మూడు చెడ్డ సీజన్లకి తట్టుకోలేదు.

## ఏటి అవతల వేరే సంఘం

ఇప్పుడు సరిహద్దుకి వద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం ప్రాంతం, పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లాయి. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. బరంపురం నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. రెండు వైపులా బంధుత్వాలు, సంతలు, పెళ్లి సంబంధాలు కలిసే ఉన్నాయి. ఫుట్‌బాల్ మాత్రం గీత గీసినట్టు విడిపోయింది.

పర్లాకిమిడి పిల్లాడు గజపతి జిల్లా సంఘం ద్వారా ఒడిశా ఫుట్‌బాల్ సంఘం కిందికి వస్తాడు. పాతపట్నం పిల్లాడు ఆంధ్రప్రదేశ్ సంఘం కిందికి. సెలవుల్లో ఇద్దరూ ఒకే గ్రౌండ్‌లో ఆడతారు, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ దగ్గరికొస్తే ఎదురెదురు జట్లు. రాష్ట్రం మారి ఆడాలంటే రిజిస్ట్రేషన్ బదిలీ చేయించుకోవాలి. మహారాష్ట్ర వైపు కూడా ఇదే. ప్రాణహిత ఒడ్డున సిరొంచలో తెలుగు మాట్లాడే పిల్లాడికి ఏరు దాటితే తెలంగాణ, కానీ ఆటలో అతను మహారాష్ట్రవాడే, అతని ఫైలు తిరిగేది ముంబై వైపు.

దూరం కూడా చిన్న విషయం కాదు. ఒడిశాలో ఆటకి ప్రభుత్వం పెద్ద ఎత్తున డబ్బు పెట్టిన మాట నిజం. 2022 అండర్-17 మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు భువనేశ్వర్‌లో జరిగాయి. 2023 నవంబర్‌లో అక్కడే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కలిసి అకాడమీ తెరిచాయి, ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్ జట్టు మాజీ మేనేజర్ ఆర్సెన్ వెంగర్ వచ్చి ప్రారంభించాడు. దీనివల్ల మంచి ఆటగాళ్లు పన్నెండు పదమూడేళ్లకే కళింగ స్టేడియం వైపు, హాస్టళ్ల వైపు వెళ్తున్నారు. బరంపురం నుంచి సుమారు 170 కిలోమీటర్లు, పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి ఇంకా ఎక్కువ. పిల్లాడికి అది మంచి అవకాశం. ఊళ్లో జట్టుకి మాత్రం, మీసం రాకముందే మంచివాళ్లందరూ వెళ్లిపోయినట్టే.

ఊళ్లో మిగిలేది ఏమిటి? సాధారణంగా ఒక యువజన సంఘం పేరు, ఒక కమిటీ, దసరాకో సంక్రాంతికో రిపబ్లిక్ డేకో ఒక టోర్నమెంట్. నగదు బహుమతి, షీల్డు, కొండ ప్రాంతాల్లో మేకపోతు కూడా. జనం బాగా వస్తారు. బహుమతి పెద్దదైతే మ్యాచ్‌కి ఇంతని ఇచ్చి బయటి ఆటగాళ్లని తెచ్చుకుంటారు, ఊరి పిల్లలు లైను బయట కూర్చుంటారు. చందాలిచ్చేవాళ్లు అడిగేది ఈ ఏడు కప్పు ఎవరు కొట్టారనే గాని, అండర్-13 జట్టు ఉందా అని కాదు. ఆ మేరకు కమిటీ తప్పు కూడా లేదు. టోర్నమెంట్ ఒక్కటే జనానికి కనిపించే పని. గ్రౌండ్ కూడా కమిటీది కాదు, కాలేజీదో మునిసిపాలిటీదో. ఎగ్జిబిషన్ వచ్చినా, మంత్రి సభ పెట్టినా, దీపావళి టపాసుల దుకాణాలు వేసినా ప్రాక్టీసు ఆగుతుంది.

ఈ ప్రాంతానికి తిరిగి రావడమంటే ఏమిటో తెలియక కాదు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు తెలుగు మాట్లాడే నేతవారి పెద్ద దేశీ బెహరాది. తరం మారినా ఆ ఇల్లు, ఆ బాధ్యత ఎవరివో ఊరికంతటికీ తెలుసు. ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అలాంటి వారసత్వం ఏర్పడలేదు. కార్యదర్శికి బదిలీ అయితే క్లబ్బు పేరు, స్టాంపు, పాత స్కోరు పుస్తకం ఎవరింట్లో ఉన్నాయో తెలియని పరిస్థితి.

అందుకే రిటైరై ఊరికొచ్చిన ఆటగాడు, రైల్వేలోనో పోలీసులోనో ఆడినవాడు, సాయంత్రం గ్రౌండ్‌కి వచ్చి పిల్లలకి నేర్పిస్తాడు గాని అది అతని సొంత సేవగానే ఉంటుంది. క్లబ్బు లెటర్‌హెడ్ మీద అతని హోదా ఉండదు. మోకాలి నొప్పితోనో, కూతురి పెళ్లి పనులతోనో ఆయన రావడం మానేస్తే అక్కడితో ఆ శిక్షణ ఆగిపోతుంది.

## వాటా డబ్బు ఎవరికి చేరుతుంది

మన పిల్లాడు పెద్ద క్లబ్బుకి వెళ్తే మనకేమన్నా వస్తుందా అని కమిటీ సమావేశాల్లో తరచూ అడుగుతారు. జవాబు: నియమం ఉంది, చాలా సందర్భాల్లో మనకి వర్తించదు.

ఆటగాణ్ణి పెంచిన క్లబ్బులకి ప్రతిఫలం ఇచ్చే పద్ధతిని ఫిఫా 2001లో తెచ్చింది. ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి డబ్బు మీద మారితే ఆ మొత్తంలో 5 శాతం, అతను 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆడిన క్లబ్బులకి పంచాలి. 12, 13, 14, 15వ పుట్టినరోజులు వచ్చిన సీజన్లకి ఒక్కోదానికి 0.25 శాతం. 16 నుంచి 23 దాకా ఒక్కో సీజన్‌కి 0.5 శాతం. 2016లో ఫ్రాన్స్ ఆటగాడు పాల్ పోగ్బా 10.5 కోట్ల యూరోలకి యువెంటస్ నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లినప్పుడు పారిస్ శివారులో అతను చిన్నప్పుడు ఆడిన క్లబ్బులూ ఈ లెక్కలోకి వచ్చాయి. అంత సొమ్ము మీద ఒక్క సీజన్ వాటా పావు శాతమే అయినా రెండున్నర లక్షల యూరోలు దాటుతుంది. వీధి స్థాయి క్లబ్బుకి అది కొన్నేళ్ల ఖర్చు.

మన స్థాయికి దించి చూద్దాం. గుణుపూర్ పిల్లాడు 12 నుంచి 17 ఏళ్ల సీజన్లు ఊరి క్లబ్బులో ఆడి, తర్వాత ఎప్పుడో కోటి రూపాయలకి విదేశీ క్లబ్బుకి వెళ్లాడనుకుందాం. మొదటి నాలుగు సీజన్లకి 1 శాతం, తర్వాతి రెండింటికి ఇంకో 1 శాతం. రెండు లక్షలు. బంతులు, గోల్‌పోస్టు వలలు, బస్సు చార్జీలు, కోచ్‌కి కొన్ని నెలల గౌరవ వేతనం వచ్చేస్తాయి.

అడ్డంకులు మూడు చోట్ల ఉన్నాయి. మన ఆటగాళ్లు విదేశాలకి వెళ్లడం అరుదు. దేశం లోపల మారేటప్పుడు కూడా ఎక్కువగా కాంట్రాక్టు ముగిశాకే మారతారు కాబట్టి బదిలీ సొమ్ము ఉండదు, పంచడానికి ఏమీ ఉండదు. దేశీయ బదిలీల్లో శిక్షణ క్లబ్బులకి ఏదో ఒక ప్రతిఫలం ఉండేలా చూడమని ఫిఫా ప్రతి దేశ సమాఖ్యకీ చెబుతుంది, కానీ దాని రూపం ఆయా దేశాల ఇష్టం. మూడోది అసలైనది: వాటా అడగాలంటే ఆ పిల్లాడు ఆ సీజన్లలో ఆ క్లబ్బు తరఫున రిజిస్టరై ఉండాలి. 2022 నవంబర్ నుంచి పారిస్‌లోని ఫిఫా క్లియరింగ్ హౌస్ ఈ చెల్లింపులు చూస్తోంది. రిజిస్ట్రేషన్ వివరాల నుంచి, ఏ సీజన్ ఏ క్లబ్బుకి ఆడాడో చూపే ఆటగాడి ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టు తయారవుతుంది, దాని ప్రకారం డబ్బు పోతుంది. దసరా టోర్నీలో బెస్ట్ ప్లేయర్ షీల్డు గెలిచిన ఫొటో ఆ పాస్‌పోర్టులోకి ఎక్కదు.

## ముందు ముందు ఏం జరగొచ్చు

పై స్థాయిలో పరిస్థితి గట్టిగా లేదు. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక 2025 జులైలో ఐఎస్ఎల్ సీజన్‌ని పక్కన పెట్టారు. ఆగస్టులో ఒడిశా ఎఫ్‌సీ ఆటగాళ్ల, సిబ్బంది కాంట్రాక్టులని నిలిపివేసింది. ఫ్రాంచైజీలు ఊళ్లు మారడం ఇప్పటికే చూశాం. అలాంటి క్లబ్బుని సొంత క్లబ్బుగా నమ్ముకుని పాతికేళ్ల బంధం అల్లుకోమని పిల్లలకి చెప్పడం కష్టం. అలాగని భువనేశ్వర్‌లో జట్టు ఉండటం వల్ల మేలు లేదనలేం. 2023లో ఒడిశా ఎఫ్‌సీ సూపర్ కప్ గెలిచాక దక్షిణ జిల్లాల పిల్లలకి కనీసం చూసి నేర్చుకోవడానికి దగ్గర్లో ఒక జట్టు దొరికింది.

కింది స్థాయిలో మార్పుకి పెద్ద డబ్బు అక్కర్లేదు, విసుగు పుట్టించే కాగితం పని కావాలి. క్లబ్బుని సొసైటీగా నమోదు చేయడం మొదటిది. ఒడిశాలో ఇది 1860 నాటి చట్టం కింద జరుగుతుంది, ఆంధ్రలో 2001 చట్టం వేరే ఉంది. సభ్యులు రెండు వైపులా ఉన్న పర్లాకిమిడి లాంటి చోట ఏ రాష్ట్రంలో నమోదు చేయాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే జిల్లా ఫుట్‌బాల్ సంఘం గుర్తింపు దాన్ని బట్టే వస్తుంది. తర్వాత బ్యాంకు ఖాతా, ఏటా సర్వసభ్య సమావేశం, పిల్లలని సమాఖ్య ఆన్‌లైన్ వ్యవస్థలో ఎక్కించడం. చిన్నపిల్లల కోసం గోల్డెన్ బేబీ లీగ్స్‌ని సమాఖ్య 2018లో తెచ్చింది, అలాంటి లీగులని చిన్న ఊళ్లు కూడా నడుపుకోవచ్చు.

తిరిగొచ్చిన మాజీ ఆటగాడికి ఇక్కడే పని ఉంది. డి-లైసెన్స్ కోచింగ్ కోర్సు చేస్తే అతను సాయంత్రం వచ్చే పెద్దమనిషి స్థాయి నుంచి క్లబ్బు కోచ్ అవుతాడు, పేరు రికార్డుల్లో ఉంటుంది, అతని తర్వాత ఇంకొకరిని ఆ స్థానంలో పెట్టొచ్చు. చాలామంది ఈ కోర్సుకి వెళ్లరు. ఫీజు, ప్రయాణం, సెలవు సమస్యలతో పాటు, ముప్పై ఏళ్లు ఆడినవాడు ఇప్పుడు పరీక్ష రాయాలా అన్న మొహమాటం కూడా ఉంటుంది. ఆ ఖర్చు కమిటీ భరిస్తే దసరా బహుమతి సొమ్ములో కొంత తగ్గుతుంది, అది చందాదారులకి నచ్చకపోవచ్చు కూడా.

ఇవి ఆలస్యమయ్యే కొద్దీ నష్టం పెరుగుతుంది, ఎందుకంటే లెక్క పన్నెండో ఏట మొదలవుతుంది. ఈ సీజన్‌లో పన్నెండేళ్లు నిండే పర్లాకిమిడి, రాయగడ పిల్లలని ఊరి క్లబ్బు పేరుతో నమోదు చేయకపోతే, రెండేళ్ల తర్వాత వాళ్లు హాస్టల్‌కో అకాడమీకో వెళ్లాక పాస్‌పోర్టులో మొదటి క్లబ్బుగా భువనేశ్వర్ పేరే పడుతుంది.